రేవు తాత మొహం

జీవరాజు పెద్దకర్మ నాడు కుర్చీలో పెట్టి దండ వేయడానికి ఆ ఇంట్లో ఒక్క ఫొటో దొరకలేదు. బీరువా తిరగేశారు, ట్రంకుపెట్టె గుమ్మరించారు, చుట్టాలకి ఫోన్లు చేశారు. ఊహూఁ. ఏ పెళ్ళి ఫొటో తీసి చూసినా చివర్న నిలబడి, సరిగ్గా కెమెరా క్లిక్కుమనే వేళకి పక్కవాడి భుజం వెనక తల దాచుకున్నవాడే. ఓటరు కార్డు ఉండాలి గదా అన్నారెవరో. ఉంది. అదీ రిహార్సల్ మధ్యలో లేచి పరిగెత్తుకెళ్ళి తీయించుకున్నదే. పెట్టుడు మీసం, బుగ్గ మీద పుట్టుమచ్చ, నుదుటి దాకా విగ్గు. ఆ కార్డు పట్టుకుని ఓటెయ్యడానికి వెళ్తే ప్రతిసారీ పోలింగ్ బూత్‌లో పెద్ద రగడే. చివరికి అతని భార్య వెంకటదుర్గ లోపలికి వెళ్ళి మొగుడి మేకప్ పెట్టె తెచ్చి కుర్చీలో పెట్టింది. రంగు వెలిసిన రేకు పెట్టె. దానికే దండ వేశారు, దాని ముందే దీపం పెట్టారు. వచ్చినవాళ్ళంతా ఆ పెట్టెకే దణ్ణం పెట్టుకుని భోజనాలకి కూర్చున్నారు.

చంద్రరావుకి ఆ రోజు ఒళ్ళు మండిపోయింది. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. జీవరాజుకి బళ్ళో పలక పట్టిన నాటి స్నేహితుడు. పేరలంక నాటక సమాజానికి మొదటి నుంచీ చివరి దాకా అతనే ప్రాంప్టరు. తెర పక్కన నిలబడి ఎవడు మాట మరిచిపోతే వాడికి మాట అందించడం, కళకి అతను చేసిన సేవ అంతే. ఎన్నిసార్లు చెప్పాడు జీవరాజుకి, ఒరే, ఒక్క ఫొటో తీయించుకోరా అని! "వేషం లేని మొహానికి ఫొటో ఎందుకురా? అద్దంలో చూసుకుంటే సరిపోదూ?" అనేవాడు. అద్దం ఏం దాచుకుంటుంది, వెధవా, అని పెట్టె వంక చూసి చంద్రరావు మనసులో తిట్టుకున్నాడు.

భోజనాలయ్యాక వెంకటదుర్గ అతని దగ్గరికొచ్చి నిలబడింది. "అన్నయ్యగారూ, మీరెక్కడైనా వెతికి ఒక్కటి సంపాదించి పెట్టండి. వేషంతో ఉన్నదైనా ఫర్వాలేదు. లోపల మనిషి ఆయనైతే చాలండి."

చంద్రరావు మాటిచ్చాడు.

జీవరాజు ఏం చేసేవాడంటే ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తారు. కాగితాల్లో రైతు. కాలవ గట్టు కింద తండ్రి వదిలిన కాస్త మాగాణీ, ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు. చేలో నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో పాలేరు చెప్తే తప్ప తెలిసేది కాదు. అతని బుర్ర నిండా నాటకం. ఆడపిల్ల అప్పగింతలప్పుడు అందరూ కళ్ళొత్తుకుంటుంటే ఇతను పెళ్ళికూతురి ఎదర గొంతుక్కూర్చుని, "ఇందాకటిలాగే ఇంకోసారి ఏడు తల్లీ, ఆ వెక్కు ఎక్కడ మొదలవుతోందో చూడాలి" అన్నాడు. పెళ్ళివారు కొట్టడానికొచ్చారు. గట్టు తగాదాతో మాటల్లేని ఇద్దరు అన్నదమ్ముల్ని లాక్కొచ్చి నాటకంలో ఒకరి కోసం ఒకరు ప్రాణమిచ్చే అన్నదమ్ముల వేషాలిచ్చాడు. రోజూ రిహార్సల్లో కావలించుకుని ఏడవాలి మరి. ఆ తర్వాత వాళ్ళు కోర్టు వాయిదాలకి ఒకే బస్సులో, ఒకే సీట్లో వెళ్ళొచ్చేవారు. తగాదా మాత్రం తీరలేదనుకోండి.

ఒక మధ్యాహ్నం ముసలి ముష్టివాడి వేషం కట్టి తన ఇంటి గుమ్మంలోనే నిలబడి "అమ్మా, ధర్మం" అన్నాడు. వెంకటదుర్గ చేటతో బియ్యం తెచ్చి జోలెలో వేసి, "ఒంట్లో ఓపికుందిగా, ఏదైనా పని చూసుకోకూడదూ" అని నాలుగు చీవాట్లు కూడా పెట్టింది. సాయంత్రం కంచం ముందు కూర్చుని మొగుడు జేబులోంచి ఆ బియ్యం తీసి చాప మీద పోస్తే పాపం ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చాలా రోజులు మాట్లాడలేదు. "నన్ను నా పెళ్ళామే పోల్చుకోలేదురా! ఇంతకంటే సర్టిఫికెట్టు ఏం కావాలి?" అని జీవరాజు మాత్రం ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

అలాంటి మనిషి రాసిన నాటిక 'రేవు'. పెద్ద తుఫాను వచ్చి కొబ్బరితోటలన్నీ నేలమట్టమైన మరుసటి ఏడు రాశాడు. పడవ దాటించే ముసలాడు, అతని రేవు మీద వంతెన వస్తోంది, ఇక అతనితో ఎవరికీ పని లేదు. అంతే కథ. దాని కోసం జీవరాజు నిజం రేవులో పడవ వాళ్ళతో కలిసి గడ వేశాడు, ఒళ్ళు నల్లగా మాడబెట్టుకున్నాడు, మోకాళ్ళు వంచి నడవడం అలవాటు చేసుకుని ఇంట్లో కూడా అలాగే నడిచాడు. హైస్కూలు గ్రౌండులో మొదటిసారి ఆడినప్పుడు రేవు తాత వేషం అతనే వేశాడు. తెల్లటి గడ్డం, నెరిసిన జుట్టు, తలకి తుండుగుడ్డ. చివర్న ఖాళీ పడవతో మాట్లాడతాడు తాత. ఆ మాటలకి, గ్రౌండులో వేరుశనక్కాయలు అమ్మేవాళ్ళు సైతం అమ్మకం ఆపేసి నిలబడిపోయారు. తస్సాదియ్యా, అదీ నటనంటే అన్నారు జనం.

ఊళ్ళో రైసు మిల్లు దొరబాబుది. నాటక సమాజానికి ప్రెసిడెంటూ ఆయనే. లారీ ఆయనది, లైట్ల ఖర్చు ఆయనది, రిహార్సళ్ళకి గది ఆయన మిల్లు పక్కది. రాజమండ్రిలో నాటిక పోటీలకి 'రేవు' ఎంపికైందని తెలియగానే ఆయన జీవరాజుని పిలిపించి, పడక్కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "ఏవయ్యా జీవరాజూ, రాజమండ్రిలో మాత్రం రేవు తాత వేషం నేను వేస్తాను. పెద్దపెద్దవాళ్ళు వస్తున్నారు. ప్రెసిడెంటుని, నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడితే ఏం బావుంటుంది చెప్పు?"

"తమరికి శ్రమండీ" అన్నాడు జీవరాజు.

"శ్రమ అనుకుంటే లారీ ఎందుకు పంపుతానయ్యా?" అన్నాడు దొరబాబు. ఇంకేముంది, అయిపోయింది.

చంద్రరావు ఆ సాయంత్రం కాలవ గట్టు మీద ఎగిరిపడ్డాడు. "మానెయ్యరా! నాటకమే మానెయ్! ఆయన మొహానికి రేవు తాతా?"

జీవరాజు గడ్డిపరక నములుతున్నాడు. "మానేస్తే నాటకం ఇక్కడే చచ్చిపోతుంది గదరా. వెళ్ళనీ. నాలుగు ఊళ్ళవాళ్ళు చూస్తారు. మొహం ఎవరిదైతే ఏంటి?" అన్నాడు.

ఆ మాట చంద్రరావు ఎన్నటికీ క్షమించలేదు.

దొరబాబుకి జీవరాజు మాటమాటా నేర్పాడు. నడక నేర్పాడు. పోటీ రోజున గ్రీన్‌రూములో తన చేత్తో గడ్డం అంటించాడు, తన విగ్గే పెట్టాడు, బుగ్గలు లోపలికి పోయినట్టు నీడలు దిద్దాడు. మిల్లు భోజనంతో నిగనిగలాడే మొహాన్ని పస్తుల మొహం చెయ్యడమంటే మాటలా! చేశాడు. ఒక్క దగ్గరే పేచీ వచ్చింది. దొరబాబు వేలికి నవరత్నాల ఉంగరం ఉంది. తీయనన్నాడు.

"పడవ తోసే తాత వేలికి నవరత్నాల ఉంగరం ఏంటండీ?" అన్నాడు జీవరాజు.

"జాతకం చూసినాయన గట్టిగా చెప్పాడయ్యా, అది వేలు దిగితే ప్రాణగండమని. నువ్వు నాటకం నాటకం అంటావ్, నాకు ప్రాణం కదా!" అన్నాడు దొరబాబు.

జీవరాజు పాత తుండుగుడ్డ చింపి, ఉంగరం కనబడకుండా ఆ వేలికి కట్టు కట్టాడు. గడ దెబ్బ తగిలి గాయమైనట్టు కాస్త ఎర్రరంగు కూడా అద్దాడు. అంతా అయ్యాక దూరం జరిగి చూసుకున్నాడు. అచ్చం తనే. ఉత్సాహం పట్టలేక ఫొటోగ్రాఫర్ని పిలిచి, దొరబాబుని గడ పట్టుకుని నిలబడమని పెద్ద ఫొటో తీయించింది కూడా అతనే.

తెర లేచింది. ఎదురుగా జనాన్ని చూసేసరికి దొరబాబు గడ పట్టుకుని బిగుసుకుపోయాడు. మొదటి మాటే రాలేదు. చంద్రరావు పక్క నుంచి అందించాడు. రాలేదు. మళ్ళీ అందించాడు. గుడ్లు తేలేశాడాయన. స్టేజీ ముందువైపు అట్టతో చేసిన పడవ ఉంది, దాని వెనక జీవరాజు పడుకుని ఉన్నాడు, అవసరమైతే మాట అందిద్దామని. అతను చూశాడు, ఇక లాభం లేదనుకున్నాడు. పడవ వెనక నుంచి తనే, తాత గొంతుతో మొదలుపెట్టేశాడు. పైన వేలాడే మైకు ఆ గొంతుని పట్టేసుకుంది. దొరబాబు గడ్డం ఆడించాడు. ఆ గుబురు గడ్డంలో నోరు కదిలిందో లేదో ఎవడికి తెలుస్తుంది? నాటిక మొత్తం అలాగే నడిచింది. చివర్న ఖాళీ పడవతో తాత మాట్లాడే మాటలు, ఆ పడవలోంచే వచ్చాయి. హాలంతా ముక్కులు చీదింది.

ఉత్తమ నటుడు దొరబాబు. "ఆ వాచికం, ఆ గొంతులో తడి అమోఘం" అని న్యాయనిర్ణేత ఒకాయన మైకులో ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. దొరబాబు శాలువా కప్పించుకుని, "ఇది భగవంతుడు నాకిచ్చిన వరమండి" అన్నాడు. పడవ వెనక పడుకున్నవాడికి బట్టల నిండా దుమ్ము మిగిలింది.

లారీలో వెనక్కి వస్తుంటే జీవరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశావురా, గెలిచాం!" అన్నాడు. చంద్రరావు నవ్వలేదు. "గెలిచింది ఎవడు?" అని అడిగాడు. జీవరాజు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు గానీ, ధవళేశ్వరం బ్యారేజీ దాటేసరికి ఆ నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

దొరబాబుకి షీల్డు వచ్చింది, ఆశ తీరిపోయింది. "పేరు వచ్చినప్పుడే మానెయ్యాలయ్యా, అదే మర్యాద" అన్నాడు. ఆ మర్యాదతో సమాజం మూతపడింది. రిహార్సల్ గదిలో తవుడు బస్తాలు వేశారు. గోడకి తగిలించిన ఆ రాజమండ్రి ఫొటో మాత్రం తవుడు దుమ్ము కొట్టుకుని అలాగే ఉండిపోయింది. జీవరాజు ఎక్కని గుమ్మం లేదు. స్కూలు హాలు అడిగాడు, పరీక్షలన్నారు. పంచాయతీ అరుగు అడిగాడు, జనం ఎవరండీ వచ్చేది, ఇంటింటికీ కేబుల్ వచ్చేసింది గదా అన్నారు. కుర్రాళ్ళు అతన్ని చూస్తే "ఏంటి తాతోయ్, పడవెప్పుడు?" అని వేళాకోళం ఆడేవారు. "వస్తుంది నాయనా, వస్తుంది" అనేవాడు అతను తాత గొంతుతో, నిజంగానే సరదా పడిపోతూ. చంద్రరావు మాత్రం ఆ కుర్రాళ్ళని కర్ర పుచ్చుకుని తరమాలనుకునేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలం కామెర్లు ముదిరి జీవరాజు కన్నుమూశాడు. దొరబాబు కూతవేటు దూరంలో ఉండి కూడా రాలేదు, ఎవరో గుమస్తాని పంపించాడు.

పెద్దకర్మ అయ్యాక చంద్రరావు వెతకని చోటు లేదు. చివరికి దొరికింది ఎక్కడనుకున్నారు, తన ఇంట్లోనే, దేవుడి గూట్లో పటాల వెనక. హైస్కూలు గ్రౌండులో మొదటి ప్రదర్శన నాడు ఎవరో బుల్లి కెమెరాతో తీసిన ఫొటో. అరచేతిలో పట్టేంత. రంగు వెలిసింది, మూల కాస్త చెద తిన్నది. కానీ అందులో ఉన్నవాడు జీవరాజు. గడ్డం వెనక నుంచి కూడా తెలుస్తోంది, ఎడమ కనుబొమ పైకెత్తి, ఏదో వెటకారం ఆడబోయే ముందు చూసే చూపు. వెంకటదుర్గ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ఆయనేనండీ" అంది.

అది ఫ్రేము కట్టించేలోగా గణేష్‌బాబు దిగాడు. ఊరికి కేబుల్ ఇచ్చే కుర్రాడు, దొరబాబుకి కుడిభుజం. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి, దొరబాబు సర్పంచికి నిలబడుతున్నాడు, ఆయనకి ఉన్నట్టుండి కళ గుర్తొచ్చింది. "పిన్నిగారూ, 'కళాబ్రహ్మ జీవరాజు సంస్మరణ సభ' పెడుతున్నామండి. ఫొటో ఉంటే ఇవ్వండి. రాజమండ్రిలో సుబ్బరంగా పెద్దది చేయించి ఫ్రేము కట్టిస్తాం. సభ అయ్యాక ఫ్రేము మీకే ఇచ్చేస్తాం. ఆయ్" అన్నాడు. చంద్రరావుకి మనసొప్పలేదు. "దొరబాబు సభేంటమ్మా, వద్దు" అన్నాడు.

"ఎవరి సభైతే నాకేంటండీ. ఆయన బతికుండగా ఎక్కనివ్వని స్టేజీ మీద, ఆయన మొహం ఒక్క సాయంత్రం ఉంటుంది. నన్ను చూడనివ్వండి అన్నయ్యగారూ" అంది వెంకటదుర్గ. ఆ మాటకి చంద్రరావు ఇంకేం అడ్డు చెప్తాడు? ఫొటో తనే కవర్లో పెట్టి గణేష్‌బాబు చేతికిచ్చాడు.

సభ రోజు సాయంత్రం చంద్రరావు కాస్త ముందే వెళ్ళాడు. పంచాయతీ ఆఫీసు ముందు స్టేజీ. వెనక ఇంత ఫ్లెక్సీ. మధ్యలో గడ పట్టుకుని రేవు తాత, పక్కన చేతులు జోడించి నవ్వుతూ దొరబాబు. కింద కుర్చీలో ఫ్రేము కట్టిన అదే రేవు తాత, ముందు పళ్ళెంలో పెద్ద చామంతి దండ, దీపం. పక్కన బల్ల మీద జీవరాజు రేకు పెట్టె కూడా ఇంటి నుంచి తెప్పించి ప్రదర్శనకి పెట్టారు. చంద్రరావు కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికెళ్ళాడు. గడ పట్టుకున్న చేతి వేలికి గుడ్డ కట్టు. మీద ఎర్రరంగు.

ఫ్లెక్సీలో ఉన్న రెండు మొహాలూ దొరబాబువే!

మైకు సరిచేస్తున్న గణేష్‌బాబుని పక్కకి లాగాడు. "ఏంట్రా ఇది? నేనిచ్చిన ఫొటో ఏది?"

"అది మరీ చిన్నదండి బాబాయిగారూ. పెద్దది చేస్తే మొహమంతా అలుక్కుపోయిందండి. మిల్లు గదిలో పాత ఫొటో ఉంటే అది వేయించాను. గెటప్ అదేగదండీ! ఆ గడ్డమే, ఆ తుండుగుడ్డే."

"ఒరే, అది దొరబాబురా!"

గణేష్‌బాబు ఒకసారి ఫ్లెక్సీ వంక, ఒకసారి చంద్రరావు వంక చూశాడు. "ఊరుకోండి బాబాయిగారూ. జనం వచ్చేస్తున్నారు. ఎవరికి తెలుస్తుంది?"

చంద్రరావు నోరు తెరవబోయాడు. అప్పుడే వెంకటదుర్గ వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, ముందు వరసలో కూడా ఆగకుండా తిన్నగా ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళింది. వంగి ఆ పటానికి దణ్ణం పెట్టింది, అద్దం మీద చెయ్యి ఆనించి ఆ చేతిని కళ్ళకద్దుకుంది. వెనక్కి తిరిగిన మొహంలో ఎంత వెలుగు! మొగుడు పోయాక ఆవిడ అలా ఉండడం చంద్రరావు చూడలేదు.

"ఎంత బావున్నారో చూశారా అన్నయ్యగారూ! ఆ చిన్న ఫొటోలో ఇంత తెలియలేదు. కళ్ళు కూడా ఎంత బాగా వచ్చాయో" అంది.

చంద్రరావు నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. ఏం చెప్పమంటారు? అమ్మా, అది మీ ఆయన కాదు, మీ ఆయన వేషం కాజేసినవాడు అని చెప్పాలా? చెప్తే ఆవిడకి మళ్ళీ రేకు పెట్టే మిగులుతుంది. పోనీ, మొహం ఎవరిదైతే ఏంటన్న మహానుభావుడు కదా వాడు, ఇలాగే పోనీ అనుకున్నాడు. పళ్ళు కొరుక్కుంటూ ఆవిడ పక్కన కూర్చున్నాడు.

సభ మొదలైంది. దొరబాబు పటానికి దండ వేశాడు, మొహం మాత్రం వీడియో కెమెరా వైపు పెట్టి. ఒకరి తర్వాత ఒకరు లేచారు. స్కూలు హాలు ఇవ్వనివాళ్ళు, అరుగు ఇవ్వనివాళ్ళు, అందరూ 'జీవరాజుగారు లేని లోటు తీరనిది' అన్నారు. చివరికి దొరబాబు మైకు పుచ్చుకున్నాడు.

"జీవరాజు నాకు తమ్ముడితో సమానమండి. రాజమండ్రి పోటీల్లో ఈ రేవు తాత వేషం నాకు ఎందుకిచ్చాడు? అభిమానమండి. నా వేలికి ఈ ఉంగరం ఉంది చూశారూ, తీయనన్నాను. మరి తాతకి ఉంగరం ఏంటీ? జీవరాజు బుర్రే బుర్ర! తుండుగుడ్డ చింపి నా వేలికి ఇలా కట్టు కట్టి, దాని మీద ఎర్రరంగు..." అంటూ, చూపించడానికన్నట్టు ఫ్లెక్సీ వైపు తిరిగాడు.

మాట ఆగిపోయింది. ఫ్లెక్సీలో వేలు చూశాడు. కింద పటంలో వేలు చూశాడు. దండ చూశాడు, దీపం చూశాడు. తన వేలు చూసుకున్నాడు.

"అయ్యబాబోయ్! ఇది నేను! తియ్యండ్రా! బతికున్నవాడికి దండేంట్రా! దీపం ఆర్పండి!" అని మైకులోనే అరిచాడు. గణేష్‌బాబు పరిగెత్తుకెళ్ళి దండ లాగి కింద పడేశాడు. పటం బోర్లా పెట్టారు. ఇద్దరు కుర్రాళ్ళు స్టేజీ వెనకకి ఎక్కి ఫ్లెక్సీ చర్రుమని చింపారు. దొరబాబు చెమటలు కక్కుతూ కుర్చీలో కూలబడ్డాడు. తన పటానికి దండ తనే వేసుకున్నాడు మరి. ఉంగరం తీయడానికే హడలిపోయిన మనిషాయె.

వేదిక మీదున్న పంతులుగారు లేచి, ఏం ఫర్వాలేదు, ఇంతమంది పెద్దలున్నారు, ఇక్కడికిక్కడే ఆశీర్వచనం చేస్తే దోషం పోతుందన్నారు. అంతే, సభకి సభ లేచి నిలబడింది. పంతులుగారు మంత్రం చదివారు. ఒక్కొక్కరే వచ్చి దొరబాబు నెత్తిన అక్షింతలు వేసి, నిండు నూరేళ్ళూ బతకండి బాబూ అన్నారు. వెంకటదుర్గకి కప్పడానికి తెచ్చిన శాలువా శుభమని ఆయనకే కప్పేశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. గణేష్‌బాబు మైకులో "మన ప్రియతమ నాయకుడు దొరబాబుగారు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి" అన్నాడు. జీవరాజు పేరు ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఎవరి సంస్మరణ సభకి వచ్చామో ఒక్కడికీ గుర్తులేదు. థూ!

వెంకటదుర్గ కదలకుండా కూర్చుంది. కింద పడిన చామంతి దండ మీదుగా జనం నడిచి వెళ్తున్నారు. చంద్రరావు వెళ్ళి గణేష్‌బాబు చొక్కా పట్టుకున్నాడు. "ఆ చిన్న ఫొటో ఇటియ్యి."

"ఫ్లెక్సీ షాపులో ఉండిపోయిందండి. ఇప్పుడే ఫోన్ చేశాను. వాళ్ళు ఊడ్చి పారేశారంటండి" అన్నాడు గణేష్‌బాబు, తల గోక్కుంటూ. "సారీ బాబాయిగారూ. వెలిసిపోయిన ఫొటోయే గదండీ."

చంద్రరావుకి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి మళ్ళీ దింపుకున్నాడు. బల్ల మీద రేకు పెట్టె తీసుకుని వెంకటదుర్గని లేవదీసి బయటికొచ్చాడు. వెనక మైకులో టిఫిన్ల గురించి చెప్తున్నారు.

కాలవ గట్టు మీద ఇద్దరూ నడుస్తున్నారు. చాలా దూరం వచ్చాక వెంకటదుర్గ అడిగింది. "అయితే నేను దణ్ణం పెట్టింది దొరబాబు గారికా అండీ?"

చంద్రరావు పెట్టెని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఇన్నేళ్ళు కాపురం చేశాను. పోల్చుకోలేకపోయాను చూశారా" అందావిడ. "అప్పుడు బియ్యం వేసినప్పుడూ అంతే."

"నేనూ మొహం చూసి పోల్చలేదమ్మా. వేలికి గుడ్డ చూశాను, అంతే. ఆ గుడ్డ లేకపోతే నేనూ దణ్ణం పెట్టేవాణ్ణే" అన్నాడు చంద్రరావు.

నడుస్తూ నడుస్తూ అతను జీవరాజు మొహం గుర్తుతెచ్చుకోవాలని చూశాడు. వేషం లేని మొహం. బళ్ళో పక్కన కూర్చున్న మొహం, ఇదే గట్టు మీద గడ్డిపరక నమిలిన మొహం. గొంతు వచ్చింది, నవ్వు వచ్చింది, ఆ కనుబొమ వచ్చింది. దాని చుట్టూ మాత్రం ఎంత ప్రయత్నించినా తెల్లటి గడ్డమే వచ్చింది. ఆ గడ్డం వెనక ఎవరున్నారో తెలియలేదు. చంద్రరావుకి ఏడుపొచ్చింది. దొరబాబు మీద, గణేష్‌బాబు మీద, ఊరి మీద ఉన్న కోపం అంతా కలిసి ఆ చచ్చినవాడి మీదికి మళ్ళింది.

"మొహం ఎవరిదైతే ఏంటన్నావు గదరా" అన్నాడు పైకే. "ఇదిగో, చూడు ఏమైందో. చూడు, వెధవా!"

ఇంటికి చేరాక వెంకటదుర్గ గుమ్మంలో దీపం వేసి, అతని చేతిలోని పెట్టె అందుకుంది. పమిట చెంగుతో మూత మీద దుమ్ము తుడిచి, పెద్దకర్మ నాటి కుర్చీలోనే పెట్టింది.

"ఇంక ఫొటో కోసం తిరక్కండి అన్నయ్యగారూ" అంది. "సంవత్సరీకానికి కూడా దీనికే దండ వేసుకుంటాను. ఇదైతే ఆయనదేనని నాకు తెలుసు."